ఐదో రాజ్యం

భువనగిరి గుట్ట కింద కర్రను తిప్పి చెక్కే ఖరాదు పట్టే చోటే మియా చేతికి పేరుండేది గానీ మనసుకు కుదురుండేది కాదు. మంచం కోడు చెక్కుతూ బొంగరం గురించి ఆలోచించేవాడు. అన్నం ముందు నుంచి లేచి వెళ్లి, ఎండబెట్టిన కర్ర పగిలిందేమో చూసి వచ్చేవాడు.

"అజీ, ఆ బువ్వ ఏం పాపం చేసింది? జర కూసోని తినుండ్రి," అనేది భార్య సకీనా.

ఆ కుదురులేనితనంలోనే, ఎనభైల మొదట్లో, కోటలాట పుట్టింది. పులి జూదం ఆడీ ఆడీ విసుగెత్తి, గళ్ల పలక ఒకటి చేసి, నాలుగు మూలలా నాలుగు రాజ్యాలు నిలిపాడు. పేరు మారిస్తే రాజ్యం మారదు, నడక మారాలన్నది అతని పట్టుదల. గోల్కొండ కాయ రెండు గళ్ల అవతలి నుంచి ఫిరంగిలా కొడుతుంది. రాచకొండ కాయ గుట్ట గుర్తున్న గళ్లను దూకిపోతుంది. కాకతీయుల కాయ ఒక వంతు ఆగితే, చెరువు నిండినట్టు, మరుసటి వంతుకు రెండింతలు నడుస్తుంది. చాళుక్యుల కాయను వాళ్ల కోటలో ఎవరూ ముట్టలేరు. జంగమ్మ చాయ్ హోటల్లో ఆ పలక పరవని సాయంత్రం ఉండేది కాదు.

బొంగరాలు కొనడానికి హైదరాబాదు నుంచి వచ్చే సేటు ఒక వానాకాలం ఆ ఆట చూశాడు. చాయ్ చల్లారిపోతున్నా జనం కదలకపోవడం కూడా చూశాడు.

"ఏటా సిటీల పెట్టే ఎగ్జిబిషన్ల, నుమాయిష్‌ల నా దుకాణం పడ్తది మియా. గిది పెడ్త. గని నలుగురికే అయితే ఎట్ల? ఐదుగురు ఆడాలె. ఇంకో రాజ్యం కలుపు, రంగు జోరుగుండాలె. దసరా దాటినంక వస్త," అన్నాడు.

చోటే మియా చెక్కిన మంచం కోళ్లు మంచాల కిందే ఉండిపోయేవి. బొంగరాలు పిల్లల చేతుల్లో అరిగిపోయేవి. వాటిని చేసిందెవరని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. కోటలాట నుమాయిష్‌కు పోతే, తానెరుగని మనుషులు తాను పెట్టిన నడకలు నడుస్తారు. ఆ ఆశ అతన్ని పట్టుకుని వదల్లేదు.

ఏ రాజ్యాన్ని కలపాలి? హోటల్లో అందరూ సలహా చెప్పే పెద్దమనుషులే.

"రోమోళ్లను పెట్టు మియా," అన్నాడు బస్సు కండక్టర్ ఐలేశం.

"వాళ్లెట్ల వస్తరయ్యా? నీ మోత్కూర్ బస్సెక్కి వస్తరా?" అంది జంగమ్మ, గ్లాసులు కడుగుతూ. అందరూ నవ్వారు.

"అయితే విజయనగరం పెట్టు. ఢిల్లీ పెట్టు."

చోటే మియా అవన్నీ చేసి చూశాడు. విజయనగరం గుర్రం ఎటు తిప్పినా చివరికి రాచకొండ దూకుడే అయింది. ఢిల్లీ సైన్యం గోల్కొండ దెబ్బే కొట్టింది. కృష్ణ ఒడ్డున ఏలిన ఇక్ష్వాకులను పెట్టబోతే కాకతీయుల అడుగే పడింది. పాత నడకకు కొత్త రంగు వేయడం అతనికి నచ్చలేదు. చేసిన కాయలను పొయ్యిలో వేశాడు. సకీనా వాటి మీద చారు కాచింది.

దారి చూపింది జానయ్య. చౌటుప్పల్ వైపు బావులు తవ్వే మనిషి, చోటే మియాకు పాత దోస్తు.

"నా గడ్డపారకు ఎన్నిసార్లు తగిలిన్రో ఎరుకనా? సమాధుల చుట్టు గుండ్రంగ రాళ్లు పాతిపెట్టిన పాతకాలపోళ్లు. ఊరోళ్లు రాకాసి గుండ్లంటరు. కింద కుండలుంటయి, ఇనుప కత్తులుంటయి. రాజు పేరు లేదు, కోట లేదు. రాళ్లు మాత్రం ఇప్పటికీ కదల్లేదు."

"నడకెట్ల మరి?"

"నడువరు. రాయి పెడ్తరు, అంతే."

చోటే మియా కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. నడవని రాజ్యం! పలక నడుమ నుంచి మొదలై, వంతుకో రాయి పెడుతుంది. రాయి పడిన గడిలో దారి మూసుకుంటుంది; ఎవరికీ దారి మిగలకపోతే గెలుపు రాళ్లది. పక్క గడికి వచ్చినవాడు రాయిని కొట్టి తీసేయవచ్చు. ఇద్దరూ ఇంట్లో గులకరాళ్లతో ఆడి చూశారు. ఒకసారి రాళ్లు గెలిచాయి, ఒకసారి ఓడాయి. ఆట కుదిరింది.

అప్పుడు బొమ్మలకు వాడే తెల్లటి పాలకొడిశ కర్రతో రాళ్లు చెక్కి, లక్క రంగు పట్టించాడు. నాలుగు రంగులు అప్పటికే నాలుగు రాజ్యాలకు పోయాయి. మిగిలింది పసుపు. దూరానికి కనబడాలని పైన ఎర్ర పట్టీ తిప్పాడు.

హోటల్లో పరిస్తే రాళ్లే గెలిచాయి. మరునాడూ రాళ్లే. నియమం తప్పిందనుకుని, వంతు విడిచి వంతు రాయి పెట్టమన్నాడు. అయినా అవే గెలిచాయి. ఖరాదు మీద అతని ఉలి జారింది, రెండు మంచం కోళ్లు చెడిపోయాయి. దసరా వెళ్లింది. సేటు వచ్చే వారం దగ్గరపడింది. ఇక లెక్కలు మానేసి, ఆడేవాళ్ల చేతులు చూస్తూ కూర్చున్నాడు.

ఐలేశం కాయ రాయి పక్కకు వచ్చింది. కొడితే దారి తెరుచుకుంటుంది. కొట్టలేదు, చుట్టూ తిరిగిపోయాడు.

"కొట్టవేందిరా?"

"పోనీ తియ్ మియా, గిట్లకెల్లి పోత."

జంగమ్మ గ్లాసు పెట్టబోయి, చేతికి తగిలిన రాయిని సరిగ్గా నిలబెట్టి, వేళ్లు కళ్లకద్దుకుంది. చోటే మియా నోరు తెరిచాడు.

"ఏం జూస్తవ్ మియా సాబ్?" అంది జంగమ్మ. "పసుపు పూసి, కుంకుమ పెట్టి, అచ్చం బొడ్రాయి లెక్క చేస్తివి. ఊరు నడుమ నిలిపి మొక్కే బొడ్రాయిని ఎవడన్న తంతడా? నువ్వు తంతవా?"

అతను చెయ్యి చాచాడు. చెయ్యి రాయి దాకా పోయి ఆగింది. ఊళ్లో బొడ్రాయి నిలిపిన నాడు పొలిమేర దాటొద్దంటే, తన ఇంటివాళ్లు కూడా దాటలేదు.

సేటు వచ్చాడు. ఆటకు కూర్చుని, గోల్కొండ కాయతో పసుపు రాళ్లను టకటకా పడగొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు నొచ్చుకున్నారు. అతను చూడలేదు.

"శభాష్ మియా! గీ పసుపు రాళ్లే సరుకును అమ్ముతయి. ఇట్లనే చేసియ్యి."

"రాళ్లకు రంగు తీసేస్త సేటు. ఉత్త కర్ర ఇస్త."

"రంగు లేకుంటే ఎవడు జూస్తడు?"

"నీకది రంగే. ఈళ్లకు కాదు. ఒకడు కొడ్తడు, ఒకడు కొట్టడు. ఆడేటోని భయం మీద గెలిచేది ఆటెట్లయితది?"

"సిటీల గిదంతా ఎవనికి గావాలె? పసుపుదైతే నుమాయిష్‌ల పెడ్త. లేకుంటే నాకొద్దు."

ఒక్క 'సరే' అంటే చాలు. చోటే మియా పలక వైపు చూశాడు. పడిపోయిన రాళ్లను జంగమ్మ ఒక్కొక్కటే ఏరుతోంది.

"వద్దు సేటు."

సేటు ఎప్పటిలాగే బొంగరాలు మూట కట్టించుకుని బస్సెక్కాడు.

"నుమాయిష్ పాయె గద మియా," అన్నాడు జానయ్య.

"పాయె."

చోటే మియా విసవిసా నడుచుకుంటూ ఇంటికి పోయి, పసుపు రాళ్లను మళ్లీ ఖరాదుకెక్కించాడు. లక్క పొరలు పొరలుగా లేచి పడింది. తెల్లటి కర్ర బయటపడింది. పొద్దు వాలకముందే పట్టుకొచ్చి పలక మీద పోశాడు. జానయ్య రాళ్లు తీసుకున్నాడు. ఐలేశం గోల్కొండతో వచ్చి, ఈసారి కన్నార్పకుండా కొట్టాడు. ఇంకొకటి కొట్టాడు.

"ఏం కాక, బావి తవ్వుకో పో!" అని అరిచాడు.

అందరూ నవ్వారు. చోటే మియా నవ్వలేదు. ముందుకు వంగి పలక మీద రెండు చేతులూ పెట్టాడు.

"ఆగుండ్రి. ఇప్పుడు మరీ అల్కగ పడుతున్నయి. రాయంటే బరువుండాలె. తీసినోడు దాన్ని మోసుకపోవాలె గదా, వానికి ఒక వంతు పోవాలె."

"అరె, గెలుస్తున్న మియా, ఉంచు!"

అతను అప్పటికే కాయలన్నీ ఊడ్చి, మళ్లీ మొదటి నుంచి పేరుస్తున్నాడు.