నాలుగు రోజులు మర్చిపోయిన గ్రిల్లు

ఆ కంపెనీలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా ఉంటే పెద్దాయన, పక్కకు తిరిగితే చీపురాయన. వెల్డరుగా చేరి, పదిహేనేళ్ల నుంచి వెనక షెడ్డులో పరీక్షలు చేస్తున్నాడు. కంపెనీ తయారుచేసే ప్రతి పొయ్యీ అతని చేతిలోంచి వెళ్లాకే జనంలోకి వెళ్లాలి. పొద్దున వెలిగించడం, గంటగంటకీ వేడి ఎంతుందో రాయడం, కోడిమాంసమో బంగాళాదుంపలో కాల్చి చూడడం, సాయంత్రం ఆర్పడం. కాల్చినవాటి కోసం మొదట్లో అందరూ ఎగబడేవాళ్లు. తర్వాత వాళ్లకు మొహం మొత్తింది. ఇప్పుడు అతనే డబ్బాలో సర్దుకుని తన ఒంటిగదికి తీసుకెళ్లి, నిలబడే తినేస్తాడు.

ఆ మధ్య కంపెనీ ఒక గ్రిల్లు మీద గంపెడాశ పెట్టుకుంది. బొగ్గు అక్కర్లేదు, గ్యాసు అక్కర్లేదు. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన, వేలి కణుపంత గుళికలను పక్కనున్న డబ్బాలో పోస్తే చాలు. అడుగున తిరిగే మర వాటిని కొంచెంకొంచెంగా మంటలోకి తోస్తుంది. రెండేళ్లలో అతను దాన్ని నాలుగు వందలసార్లు వెలిగించాడు. ఒక్కసారి కూడా మొండికేయలేదు. అమ్మొచ్చని సంతకం పెట్టాడు. బజారులోకి వెళ్లిన రెండో నెలలో వానలు పడ్డాయి. గ్రిల్లులు వరసపెట్టి ఆగిపోయాయి. గుళికలకు చెమ్మ తగిలితే ఉబ్బి, పిండిలా మారి, మరను పట్టేస్తున్నాయి. దుకాణాలవాళ్లు లారీల్లో తిప్పి పంపేశారు.

వాడేవాళ్లదే తప్పని మేనేజరు తేల్చేశాడు. ప్రతిసారీ డబ్బా ఖాళీ చేయాలని గ్రిల్లుతో ఇచ్చే పుస్తకం పంతొమ్మిదో పేజీలో రాశామన్నాడు. పంతొమ్మిదో పేజీ దాకా చదివే ఓపికున్నవాడు దాన్ని కొనడమెందుకు, మూడు రాళ్లు పెట్టి వండుకోడూ? కానీ కంపెనీలు ఎప్పుడూ అంతే. గెలిస్తే మా తెలివి, ఓడితే నీ చెయ్యి.

పెద్దాయన మాత్రం ఫిర్యాదు కాగితాలన్నీ చదివాడు. ఒకావిడ రాసింది అతనికి మింగుడుపడలేదు. 'వానలో తడపలేదు. మూత వేసే ఉంచాను. నాలుగు రోజులు మర్చిపోయాను, అంతే.'

మర్చిపోవడం! రెండేళ్లలో అతను ఒక్కరోజు మర్చిపోలేదు. ఎవరూ చెప్పకపోయినా రోజూ సాయంత్రం డబ్బా ఖాళీ చేసి, బూడిద ఊడ్చి, గుడ్డతో తుడిచిగానీ ఇంటికెళ్లేవాడు కాదు. చీపురాయన అన్న పేరు ఊరికే రాలేదు. మామూలు మనుషుల చేతిలో ఆ గ్రిల్లు ఎలా ఉంటుందో అతని శుభ్రమే బయటపడనివ్వలేదు.

మేనేజరుకు ఆ మాటే చెప్పాడు. ఇంజనీర్లు మూతకు రబ్బరు అంచు వేశారు, మర ఇరుక్కుంటే వెనక్కి తిరిగి విదిలించుకునేలా మార్చారు. దుకాణాలవాళ్లు ఇంకొక్కసారి చూస్తామన్నారు. ఈసారీ ఆగిపోతే ఆ గ్రిల్లూ ఉండదు, షెడ్డూ ఉండదు.

ఈసారి మురికిగా పరీక్షించాలి. అదే అతని వల్ల కాలేదు. గుళికలు డబ్బాలోనే వదిలేసి, తాళం వేసి, గేటు దాకా వెళ్లి, వెనక్కొచ్చి ఊడ్చేశాడు. మర్నాడూ అదే తంతు. అప్పుడు అక్క ఇల్లు గుర్తొచ్చింది.

అక్క ఇంటికి అతను వెళ్లి ఆరేళ్లయింది. ఆఖరిసారి వెళ్లినప్పుడు, వాళ్లు పడుకుని లేచేసరికి వంటగది మొత్తం కడిగిపెట్టాడు. సాయం అనుకున్నాడు. బావ అవమానం అనుకున్నాడు. చుట్టంలా వచ్చావా, తనిఖీకొచ్చావా అని అడిగాడు. అంతే, రాకపోకలు ఆగిపోయాయి.

వ్యాన్లోంచి గ్రిల్లు దింపుతుంటే బావ గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏం బావమరిదీ, ఈసారి ఇంత పెద్ద చీపురు తెచ్చావా?"

"చీపురు కాదు బావా. దీన్ని నువ్వు పాడుచేసిపెట్టాలి."

"అదెంతపని? మీ అక్కనడుగు, పాతికేళ్ల అనుభవం."

అక్క నవ్వి, కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మంది.

ఐదు వారాల పరీక్ష. ఆదివారం మాత్రమే వచ్చి చూడాలని, ఏదీ ముట్టుకోకూడదని అతను తనకు తానే కట్టడి పెట్టుకున్నాడు. బావ నిజంగానే సమర్థుడు. మూత సగం తెరిచి వదిలేశాడు, దాని మీద తడి తువ్వాళ్లు ఆరేశాడు, బూడిద గడ్డకట్టినా చూడలేదు. అదంతా చూస్తూ పెద్దాయన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. అక్క వడ్డిస్తే తినేవాడు. వేడివేడిగా, కంచంలో, నలుగురి మధ్య. బావ పాత కథలే తిప్పితిప్పి చెప్పేవాడు. రెండో వారానికి ఆ కథలు నచ్చాయి. మూడో వారానికి శనివారం నుంచే చొక్కా ఇస్త్రీ చేసుకోసాగాడు.

ఐదో వారమంతా వాన. ఆదివారం వెళ్లేసరికి డబ్బా అడుగున గుళికలు గంజిలా ఉన్నాయి. మీట నొక్కాడు. మర ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. అక్క తలుపు దగ్గరే నిలబడిపోయింది. మర మూలిగింది, వెనక్కి తిరిగింది, పిండిముద్దను కక్కేసింది, మళ్లీ ముందుకు కదిలింది. కాసేపటికి పొగ, ఆ తర్వాత మంట.

బావ వీపు మీద చరిచాడు. "పోనీలే, నా బద్ధకం ఒక కంపెనీని నిలబెట్టింది."

సోమవారం గ్రిల్లును తీసుకెళ్లడానికి వ్యాను వచ్చింది. పరీక్ష చేసిన గ్రిల్లును విప్పి చూడాలి, ఎవరి దగ్గరా ఉంచకూడదు, అది కంపెనీ నియమం. అతను మళ్లీ సంతకం పెట్టాడు. గ్రిల్లు కోలుకుంది. పేరు కోలుకోలేదు. కంపెనీ దానికి వేరే రంగు వేసి, వేరే పేరు పెట్టి పంపింది. అమ్ముడుపోతోంది. పాత పేరు ఎత్తితే మేనేజరు అదేదో పక్కింటివాళ్ల గొడవన్నట్టు చూస్తాడు.

రెండు ఆదివారాలు గడిచాక అక్క ఫోన్ చేసింది.

"ఏరా, ఈ వారం రావట్లేదా?"

"ఏమైనా పాడైందా అక్కా?"

"లేదురా. ఏం పాడవలేదు."

"అయితే సరే. ఏదైనా పాడైతే చెప్పు, వస్తాను."

ఫోన్ పెట్టేశాక గానీ ఆమె ఏం అడిగిందో అతనికి తట్టలేదు. తిరిగి చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. పని లేకుండా ఒక ఇంటికి వస్తానని ఏ మాటతో చెప్తారో వెతుక్కున్నాడు, దొరకలేదు. తాళంచెవులు తీసుకుని, సెలవురోజే అయినా, షెడ్డుకు బయల్దేరాడు.