కేసరి లేని ప్రార్థన

పెద్దాపురం లూథరన్ చర్చిలో అబ్రహాముగారు కీర్తన ఎత్తుకుంటే వెనక బెంచీల్లో కునికేవాళ్లు కూడా సర్దుకుని కూర్చుంటారు. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు గానీ, ఆయన అసలు ఉద్యోగం పాటేనని అందరూ అంటారు. ఎవరింట్లో ప్రార్థనైనా ఆయన ఉండాల్సిందే. ఆయనకు వద్దనడం రాదు. మనిషిలో ఆ ఒక్కటే లోపం, అదే చివరికి ఆయన కాలి బొటనవేలి మీదికొచ్చింది.

ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో సాయంత్రానికో ఇంట్లో ప్రార్థన కూటం పెడతారు. ఆ నలభై రోజులూ అబ్రహాముగారు మాంసం, చేప ముట్టరు. ఒంటికి ఇంతకంటే మేలేముందని ఆయన ధీమా. ప్రార్థన కాగానే చేతికొచ్చే కేసరి, బూరెలు, పంచదార దండిగా పోసిన టీ మాత్రం ఆయన లెక్కలోకి వచ్చేవి కావు. ఏటా ఈస్టరు వెళ్లేసరికి షుగరు పెరిగేది, మాత్ర మారేది, మందుల ఖర్చు ఇంకాస్త పైకెళ్లేది. ఆయన ఎండల్ని తిట్టుకుని ఊరుకునేవారు.

ఈసారి శ్రమదినాల మొదట్లోనే కొత్త చెప్పు కరిచి బొటనవేలు పుండైంది. ఎంతకీ మానలేదు. డాక్టరు దుర్గాశ్రీగారు రక్తపరీక్ష చూసి, "షుగరు దిగకపోతే ఈ వేలు దక్కదండి," అన్నారు.

అబ్రహాముగారితోపాటు పాడే శ్యాంబాబుకి నిరుడు ప్రైవేటు ఆసుపత్రిలో ఇలాంటి పుండుకే ఆపరేషన్ అయింది. వేలూ పోయింది, ఆ ఖర్చుకు, ఇల్లు కట్టుకుందామని కొన్న స్థలమూ పోయింది. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు పాడుకుంటూ వెళ్లే ఊరేగింపులో శ్యాంబాబు ఇప్పుడు నడవలేడు, ఆటోలో వస్తాడు. ముందు నడిచే అబ్రహాముగారికి ఆ ఆటోనే కళ్లముందు కదిలింది.

"మాంసం మానేశారు, బాగానే ఉంది. కేసరి ఎప్పుడు మానేస్తారండి?" అంది భార్య కృపారాణి.

"ప్రేమతో పెడతారే. వద్దంటే ఏమనుకుంటారు?"

"వేలు తీసేస్తే ఏమీ అనుకోరా ఏంటి?"

మర్నాడు కూటం సంపూర్ణమ్మ టీచరుగారింట్లో. ఆవిడ కేసరి అంటే నెయ్యి వేళ్లకంటుకుంటుంది. ప్లేటు చేతికొచ్చింది. కృపారాణి చూస్తూనే ఉంది. అబ్రహాముగారు తలొంచుకుని మొత్తం తినేశారు. ఇంటికొచ్చేదాకా కృపారాణి ఆయన్ని వదిలి నాలుగడుగులు ముందే నడిచింది. పుండుకన్నా అదే ఎక్కువ సలిపింది.

ఆ మరుసటి సాయంత్రం తబిత అనే ఆవిడ ఇంటి కూటంలో సాక్ష్యాల వేళ వచ్చింది. దేవుడివల్ల మేలు పొందినవాళ్లు లేచి చెప్పుకునే వేళ అది. ఎన్నడూ లేవని అబ్రహాముగారు లేచారు.

"నేనివాళ పాడనండి, ఒక మాట చెప్తాను. నాకు మాంసం మానడం కష్టం కాదు, అందుకని అది మానేశాను. కష్టమైంది తీపి, అది మానలేదు. దాన్నే భక్తి అనుకున్నాను. ఇప్పుడు వేలు పోయేలా ఉంది. మీరు పెడితే వద్దనడం నాకు రాదు. దయచేసి పెట్టకండి."

వంటింట్లోంచి బూరెల వాసన వస్తూనే ఉంది. సంపూర్ణమ్మగారు మెల్లగా లేచారు. "నాకూ ఉందండి షుగరు. మీరంతా తింటుంటే నేనూ తింటున్నాను." ఆ మూల నుంచి ఒకరు, ఈ మూల నుంచి ఇంకొకరు తమకూ ఉందన్నారు. పాస్టరుగారు కూడా గొంతు సవరించుకున్నారు. తబిత గుమ్మంలో నిలబడి, "మరి ఇన్ని బూరెలు ఏం చేయమంటారండి?" అంది. అందరూ నవ్వేశారు. అవి వీధిలోని పిల్లలకు పోయాయి.

మిగిలిన కూటాల్లో ఉడికించిన శనగలు, మజ్జిగ వచ్చాయి. ఇది ప్రార్థనా, పథ్యమా అని ఒకరిద్దరు గొణిగారు గానీ, శనగలు మాత్రం మిగల్చలేదు. ఈస్టరుకు వారం ముందరి మట్టలాదివారం వచ్చేసరికి షుగరు దిగింది, పుండు ఎండింది.

ఈస్టరు తెల్లవారుజామున అబ్రహాముగారు మెత్తటి బూట్లేసుకుని ఊరేగింపుకు ముందు నడిచారు. ఎంత సంతోషంగా పాడారంటే, కృపారాణి కళ్లు తుడుచుకుంది. సమాధుల తోట గేటు దగ్గర ఆటోలోంచి దిగిన శ్యాంబాబు ఎదురొచ్చాడు. పండగ కదా అని ఎవరో తెలియనివాళ్లు ఇద్దరి ముందూ మిఠాయి డబ్బా పట్టారు.

"వద్దండి," అన్నారు అబ్రహాముగారు.

శ్యాంబాబు ఆయన కాళ్లవైపు చూసి, తన కాలివైపు చూసుకున్నాడు. "ఆ మాట నాకు నిరుడు వచ్చుంటే బాగుండేదండి," అన్నాడు.

అబ్రహాముగారు అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని, ఆపిన చరణం మళ్లీ ఎత్తుకున్నారు.