వార్డెనమ్మ సొంత పిల్ల

మా హాస్టలు వార్డెనమ్మకు పక్షపాతం లేదని ఊళ్లో అందరూ చెప్పుకునేవారు. ఆ పేరు కోసం ఆవిడ కన్నకూతుర్ని కూడా తెచ్చి మా మధ్య పడేసింది. కింద ఆవిడకు రెండు గదులు, కిటికీలకు పూల తెరలు. పైన పొడవాటి హాల్లో నలభై ఇనప మంచాలు. నా పక్క మంచం ఆ పిల్లది. తల్లికీ కూతురికీ మధ్య ఇరవై రెండు మెట్లు. అనుమతి లేకుండా దిగకూడదు.

ఒకసారి ఆ పిల్ల జ్వరంతో అమ్మా అమ్మా అని మూలుగుతుంటే వార్డెనమ్మ పైకొచ్చింది. అందరికీ ఇచ్చే మాత్రే ఇచ్చి, అందరికీ వినపడేలా, "ఇక్కడ నేనెవరికీ అమ్మను కాను" అంది. మర్నాడు ప్రార్థన దగ్గర ప్రిన్సిపాలు ఈ సంగతి చెప్పి మెచ్చుకున్నాడు. ఆవిడ తల వంచుకుని నవ్వింది. ముసలిదాన్నయ్యాను, ఇప్పటికీ ఆ నవ్వు తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నెలకో ఆదివారం మా వాళ్లు చూడ్డానికి వచ్చేవారు. వార్డెనమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిపించేది. ఆ పిల్లను పిలిచేదెవరు? మా అమ్మ తెచ్చిన బిస్కెట్లు నాతోపాటు తింటూ కూర్చునేది.

ఆరో తరగతిలో ఒక ఆదివారం, అందరి వాళ్లూ వెళ్లిపోయాక, ఆ పిల్ల నన్ను తోడు తీసుకుని గేటు దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, నన్ను వేరే స్కూల్లో చేర్పించవూ?"

"ఏమే, ఇక్కడ నీకేం తక్కువైంది? తిండి లేదా, పక్క లేదా?"

"అన్నీ ఉన్నాయి. వేరే హాస్టల్లో ఉంటే నువ్వు కూడా నన్ను చూడ్డానికి వస్తావు కదా, దీని వాళ్లమ్మలాగా."

ఇప్పుడైనా దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. ఆవిడ కలానికి మూత పెట్టి నిజంగానే కాసేపు ఆలోచించింది.

"ఆదివారం ఎలా కుదురుతుందే, పిచ్చిమొహమా? నాకిక్కడ డ్యూటీ కదా."

ఆ పిల్ల ఏడవలేదు. "అవును, మర్చేపోయా" అంది.

ఏటా సెలవుల్లో మాత్రం ఆ పిల్లకు కింది గదుల్లో తల్లి దగ్గర ఉండే వీలుండేది. ఆ ఏడు నాతోపాటు మా ఇంటికి వెళ్తానని తనే కాగితం రాసి తీసుకెళ్లి ఇచ్చింది. కన్నతల్లి దాన్ని రెండుసార్లు చదివి, ఒక తప్పు దిద్ది, సంతకం పెట్టింది.

"పద్ధతిగా రాశావు" అని మెచ్చుకుంది కూడా.