మెల్లిగా చదవాల్సిన వార్త

ప్రాసెసర్లు తయారుచేసే ఒక విదేశీ కంపెనీ ఉంది. దాని వార్త పేపర్లో కనబడితే ఇప్పటికీ నేను పైకి చదవను.

ఆ ఉదయం భీమవరం నుంచి రాజమండ్రి వెళ్లే పాసింజరులో నా ఎదుటి సీట్లో ఒక యాభై ఏళ్లాయన కూర్చున్నారు. ఒళ్లో తెల్లగుడ్డ కట్టిన చిన్న కుండను రెండు చేతులతో పట్టుకున్నారు. కొవ్వూరు దగ్గరపడుతుండగా నన్ను పలకరించారు.

"బాబూ, నా జేబులో ఫోన్ తీసి కాస్త చూసిపెడతారా? దీన్ని కింద పెట్టకూడదండి. మా తమ్ముడి అస్థికలు."

తమ్ముడికి తణుకులో సెల్‌ఫోన్ల రిపేరు షాపు ఉండేదట. ఆ కంపెనీ చిప్పులు రోజూ చేత్తో పట్టుకునేవాడు కాబట్టి దాని షేర్లే కొన్నాడట. ఈ మూడు నెలల్లో కొత్త ప్రాసెసర్ తయారీ ఊపందుకుంటుందని, లాభాలు చూసి అందరూ నోళ్లు వెళ్లబెడతారని ఇంట్లో కనబడిన వాళ్లందరికీ చెప్పేవాడట.

"ఫలితాలు ఇవాళేనండి. వారం రోజులు ఆగలేకపోయాడు."

వార్త వెతికి పట్టుకున్నాను. రైలు చప్పుడుకి వినబడదేమోనని గట్టిగా చదివాను. తయారీ మళ్లీ వాయిదా పడింది. లాభం అనుకున్నదాంట్లో సగం కూడా లేదు.

ఆయన గబుక్కున కుండ మీద అరచెయ్యి కప్పారు.

"మెల్లిగా, బాబూ."

నేను చదవడం ఆపి ఫోన్ ఆయన జేబులో పెట్టేశాను. రైలు గోదావరి వంతెన ఎక్కింది. పెట్టెలో వాళ్లంతా నదిలోకి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకుంటున్నారు. ఆయన మాత్రం కుండ మీదికి వంగారు.

"ఫలితాలు ఇంకా రాలేదంట్రా, చిన్నోడా," అన్నారు.