తిరగేసిన కోట్లు

యుద్ధం జరుగుతున్నన్నాళ్ళూ ఆ వీధి మగవాళ్ళని ఊళ్ళో ఎక్కడ చూసినా ఇట్టే పోల్చేసేవారు. కోటు గుండీలు ఉండాల్సిన వైపు కాక రెండోవైపు ఉండేవి. పైజేబు గుండె లేని పక్కకి వెళ్ళిపోయేది. మూలింటి గుమాస్తా ఆ గుండీలతో కుస్తీపడుతూ రోజూ ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళేవాడు. ఈ ఘనకార్యమంతా దర్జీ భార్యది. వీధి ఆవిడకి తిరగేసే అత్తయ్య అని పేరు పెట్టేసింది.

బట్ట దొరకడం గగనమైపోయిన రోజులవి. రేషను కూపన్లు చేతిలో ఉన్నా కొట్లో తానులుండాల్సిన చోట దుమ్ము ఉండేది. అందుకని వెలిసిపోయిన కోటు తెస్తే ఆవిడ కుట్లన్నీ విప్పి, ముక్కలు తిరగేసి, లోపలి వైపు పైకి వచ్చేలా మళ్ళీ కుట్టిచ్చేది. లోపలి వైపు ఎండ మొహం చూడలేదు కాబట్టి కోటు కొత్తదానిలా నిగనిగలాడేది. కాజాలు, జేబు మాత్రం బట్టతోపాటే తిరగబడేవి. ఎవరైనా సణిగితే, "మీ ఎడం చేతికి ఓ పని నేర్పాను, సంతోషించండి" అనేది.

ఇంత పనిమంతురాలూ కత్తెర మాత్రం ముట్టేది కాదు. ఆ ఇంట్లో కత్తిరింపు భర్తది, కుట్టు ఆవిడది. ఆయన కత్తిరింపు దగ్గర పరమ చాదస్తుడు. నూలుపోగంత తేడా వచ్చినా ఇల్లు పీకి పందిరేసేవాడు. సైన్యంలోకి పిలుపొచ్చి వెళ్తూ, వీధివాళ్ళు కోట్లు కుట్టమని ఇచ్చి, అరలో ఉన్న కొత్త బట్టలు చూపించి, "వీటి మీద ఎవరూ చెయ్యి వెయ్యద్దు. నేనొచ్చి కత్తిరిస్తా" అని చెప్పాడు. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. అప్పట్నుంచీ ఆ బట్టల జోలికి వెళ్ళాలంటేనే ఆవిడకి వణుకు. వాటిని తను కత్తిరిస్తే ఆయన ఇక రాడని తనే తేల్చేసినట్టు కాదూ?

ఇస్త్రీ అత్తగారిది. సైరన్ మోగితే జనం పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తేవాళ్ళు, పెద్దావిడ బొగ్గుల ఇస్త్రీపెట్టె పట్టుకుని పరిగెత్తేది. "ఇల్లు పోతే ఇంకోటి అద్దెకి దొరుకుతుంది, ఇలాంటి పెట్టె దొరుకుతుందా?" అని వాదించేది. కొడుకు మాట మాత్రం ఎత్తేది కాదు. ఈవిడది గుండెనా, బండరాయా అని కోడలికి అప్పుడప్పుడు ఒళ్ళు మండేది.

ఓ రోజు లెక్కల మాస్టారు కోటు పట్టుకుని వచ్చాడు. ఒకసారి తిరగేసిన కోటే, ఇప్పుడు ఆ వైపూ అరిగిపోయింది.

"మాస్టారూ, బట్టకి ఉన్నవి రెండే వైపులు. మూడోది నేనెక్కణ్ణుంచి తేను?"

"ఆ మాత్రం లెక్క నాకూ వచ్చమ్మా. అరలో నా కొత్త బట్ట ఉందిగా. వచ్చే నెల అమ్మాయి పెళ్ళి. దీంతో వెళ్తే నన్ను వంటవాడనుకుంటారు."

"అది ఆయనొచ్చి కత్తిరిస్తారండీ."

మాస్టారు పాత కోటు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"అమ్మాయ్, ఆ బట్ట తియ్యి" అంది అత్తగారు.

"వద్దత్తయ్యా. ఆయన వస్తే తిడతారు."

"తిట్టనీ. తిట్టడానికైనా రావాలిగా వాడు."

అనేసి పెద్దావిడ గోడవైపు తిరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఈ భయం తనొక్కదానిదే అనుకున్నందుకు కోడలికి సిగ్గేసింది. లేచి బట్ట తీసి బల్ల మీద పరిచి, కత్తెర పట్టింది.

కోటు చక్కగా కుదిరింది. ఒక్కటే తిరకాసు. తిరగేసి తిరగేసి ఆవిడ చెయ్యి దానికే అలవాటుపడిపోయింది. దాంతో సరికొత్త కోటుకి కూడా కాజాలు అటువైపే కోసి, జేబు గుండె లేని పక్కనే పెట్టేసింది. తమాషా ఏమిటంటే మాస్టారుకి అది తట్టలేదు, వీధిలో ఎవరికీ తట్టలేదు. ఆ వీధిలో కోటంటే అలాగే ఉంటుంది మరి. పెళ్ళిలో మగపెళ్ళివారు మాత్రం తెల్లబోయి చూశారట.

యుద్ధం ముగిశాక ఆయన వచ్చాడు. సగం మనిషయ్యాడు. పొద్దంతా కుర్చీలో కూర్చుని బల్లకేసి చూసేవాడు. టీలో పంచదార లేకపోయినా "బాగుంది" అనేవాడు. చొక్కా సగమే ఇస్త్రీ అయినా "బాగుంది" అనేవాడు. మాస్టారు కొత్త కోటేసుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన కాజాలకేసి చూశాడు, జేబుకేసి చూశాడు.

"బాగుంది" అన్నాడు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుళ్ళికుళ్ళి ఏడ్చింది. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, తన మొగుడు మాత్రం ఇంకా ఇంటికి రాలేదనిపించింది. ఏడ్చి ఏడ్చి, చివరికి కోపం వచ్చింది.

మర్నాడు గుమాస్తా బట్ట తీసి ఆయన కళ్ళెదుటే బల్ల మీద పడేసింది. కొలత తీయలేదు, సుద్ద గీయలేదు. కావాలనే పోగుకి అడ్డంగా, ఏటవాలుగా కత్తెర పెట్టింది. ఆయన కుర్చీలో కదిలాడు. ఆవిడ కత్తెర నొక్కింది. బట్ట తెగిన చప్పుడయింది.

"ఆగు! ఆగవే! మతిపోయిందా నీకు?" ఆయన ఒక్క ఉదుటున వచ్చి కత్తెర లాక్కున్నాడు. "పోగు చూడవా? సుద్ద గీయవా? ఇది కోటు బట్టా, పీటకింద పాతగుడ్డా? ఆ మాస్టారి కోటొకటి! కొత్త బట్టని పుట్టుకతోనే తిరగేసిన దర్జీ ఈ భూమ్మీద ఉన్నాడా? జేబెక్కడ పెట్టావ్? వీధంతా నవ్విపోతుందే!"

ఆ అరుపులకి గుమాస్తా పరిగెత్తుకొచ్చి, తెగిన తన బట్ట చూసి లబోదిబోమన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన అరుస్తూనే ఉన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, తిట్టు తిట్టుకీ తలూపుతూ నిలబడింది.

లోపల్నుంచి అత్తగారు వచ్చి గడప దగ్గర ఆగింది.

"వచ్చాడే అమ్మాయ్" అంది. "మనవాడు ఇప్పుడొచ్చాడు."