చక్రవర్తిని వెనక్కి పిలిచిన పెంకులవాడు

మెంగ్ గాన్ రాజధానిలో పెంకులు నేసేవాడు. నేల మీద నడిస్తే తూలేవాడు గానీ, వాలు కప్పు మీద పిల్లిలా తిరిగేవాడు. పైనుంచి "మట్టి అందించండ్రా" అని అరిస్తే పక్క వీధి గాడిదలు "ఊఁ" కొట్టేవి. ఆ గొంతు కోసమే వాడలో ఎవరు పోయినా అతనికి కబురొచ్చేది. పోయినవాడి చొక్కా పట్టుకుని కప్పెక్కి, ఉత్తరానికి తిరిగి, పేరు పెట్టి మూడు కేకలు వేయాలి. ప్రాణం ఇంకా దారిలోనే ఉంటే వెనక్కి వస్తుంది. రాకపోతేనే శవానికి స్నానం.

ఆ చలికాలం రాజమందిరం కారితే బాగుచేయడానికి పిలిపించారు. కొత్త చక్రవర్తికి గడ్డం కూడా సరిగ్గా మొలవలేదు. పాతాయనకు బిడ్డల్లేక, తూర్పు కొండల్లో అవ్వ దగ్గర పెరుగుతున్న దూరపు చుట్టాన్ని పట్టుకొచ్చి గద్దెనెక్కించారు. ఆ కుర్రాడేమో గద్దె మీద కన్నా నిచ్చెన కిందే ఎక్కువ కనపడేవాడు.

"బాబాయ్, పైనుంచి మా కొండలు కనపడతన్నాయా?"

మెంగ్ గాన్ పెంకుల మీదే బోర్లా పడ్డాడు. "ప్రభూ! తమరు నన్ను బాబాయ్ అంటే నా తల పోద్ది!"

"పోతే కప్పెవరు నేస్తారు?" అంటూ కుర్రాడు ఒక రేగుపండు పైకి విసిరాడు. "ఇక్కడంతా నన్ను ఆకాశపుత్రా అంటారు. ఎవర్ని పిలుస్తన్నారా అని నేనే వెనక్కి తిరిగి చూస్తా. మా అవ్వ పేడపురుగూ అంటది. ఆ కేక వినపడితే ఏ చెట్టు మీదున్నా దూకేసేవాణ్ణి."

చావు అసహ్యించుకుని పక్కింటికి పోవాలని అవ్వ పెట్టిన పేరది. చావు ఈసారి కొత్త బిరుదు చూసి వచ్చినట్టుంది. మంచు కరగకముందే జ్వరం తగిలి కుర్రాడు పోయాడు.

ఆచారం ప్రకారం రాజుగారి బట్టలు చూసే అధికారే కప్పెక్కి పిలవాలి. ఆయన పొట్ట చూసి నిచ్చెనే మూలిగింది. చివరికి ఆయన కొలువు అంగీ మెంగ్ గాన్‌కు తొడిగారు.

"ఒరే, 'ఆకాశపుత్రా, తిరిగి రా!' అంతే," అన్నాడు ఆచారాల అధికారి. "ఇంకో పేరు నోటెంట వచ్చిందా, నువ్వు దిగే లోపే నీ తల దిగుద్ది."

మెంగ్ గాన్ చక్రవర్తి అంగీ పట్టుకుని శిఖరం మీద నిలబడ్డాడు. కింద కొలువంతా మంచులో నుదురు ఆనించి ఉంది.

"ఆకాశపుత్రా, తిరిగి రా!"

అంగీ తడిగుడ్డలా వేలాడింది.

రెండోసారీ అంతే. పిలుస్తున్నది తనని కాదనుకుని పోతున్నాడు పిల్లాడు, అనుకున్నాడు మెంగ్ గాన్. మిగిలింది ఒక్క కేక. మెడ తడుముకున్నాడు. గుండెల నిండా గాలి పీల్చాడు.

"ఒరే పేడపురుగా! ఇంటికి రారా!"

మంత్రులు, సేనాపతులు, గడ్డాలు నెరిసిన పండితులు, అందరూ ఒక్కసారే తల ఎత్తి ఆకాశంలోకి చూశారు. ఎవరి అమ్మో ఎవరి అవ్వో తమనే పిలిచినట్టు. అంతలో పడమటి గాలి కొట్టింది. అంగీకి భుజాలొచ్చాయి, చేతులొచ్చాయి. తూర్పుకి సాగి ఎంత బరువెక్కిందంటే, మెంగ్ గాన్ రెండు చేతులా పట్టుకోవాల్సొచ్చింది. మనసొప్పకపోయినా ఆఖరికి కిందికి వదిలాడు. దాన్ని శవం మీద కప్పారు. ఊపిరి ఆడుతోందేమోనని ముక్కు దగ్గర పెట్టిన పట్టుపోగు కదల్లేదు.

గుమాస్తా కలం తడిపాడు. "నేరం ఏమని రాయమంటారండీ?"

ఆచారాల అధికారి నోరు తెరిచాడు. చెప్పాలంటే ఆ పేరు తనూ పలకాలి. నోరు మూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఏం నేరం? గాలి హోరు. నాకేం వినపళ్లా. నీకు వినపడిందా?"

"అబ్బే, లేదండీ!"

ఇంటికొచ్చేసరికి పెళ్లాం సాంగ్ ముందు అతని మెడ చుట్టూ తడిమి చూసింది. "ఉందిలే. ఇంతకీ వచ్చాడా ఆ పిల్లాడు?"

"వచ్చాడే. నా చేతుల్లోకొచ్చాడు. ఒంట్లోకి పోలా."

"మరెటు పోయాడయ్యా?"

"తూర్పుకి. వాళ్లవ్వ దగ్గరికి."

సాంగ్ గంజి గరిటె పక్కన పెట్టి, వాకిట్లోకి వెళ్లి, తూర్పుకి తిరిగి నేలకు నుదురు ఆనించింది. పెళ్లినాడు మొగుడికి కూడా ఆమె అంత వంగలేదు.