సాంపిల్ బక్కయ్య అహ్మదాబాద్ ప్లాను

బక్కయ్య సాంపిల్ చూడకుండా ఏ పనీ చేయడు. ఒక్క ఊపిరి పీల్చడానికి మాత్రం మినహాయింపు ఉందనుకుంటారేమో, అదీ లేదు. పొద్దున లేవగానే ముందు చిన్న ఊపిరి ఒకటి పీల్చి, బాగానే ఉందని తేల్చుకున్నాకే పెద్దది పీలుస్తాడని సూరత్‌లోని వడోద్ గల్లీల్లో చెప్పుకుంటారు. అబద్ధమనుకునేవాళ్లు వెళ్లి పొద్దున్నే అతని గుమ్మం ముందు నిలబడి చూసుకోవచ్చు.

పేరుకే బక్కయ్య, మనిషి మాత్రం నిండా నూలు చుట్టిన మగ్గం బీము. మీసాలు రాకముందే సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చాడు. పాండేసరాలో మగ్గాల షెడ్డులో చేరి, మగ్గం నడిపే కారీగర్ నుంచి మాస్టర్ దాకా ఎదిగాడు. కొత్త డిజైను మగ్గం మీదికి ఎక్కినప్పుడు మాస్టర్ ముందుగా ఒక్క మీటరు నేయిస్తాడు. ఆ ముక్క కోసి, వెలుతురుకు పట్టి చూసి, సరేనంటేనే బట్ట తాను మొత్తం దిగుతుంది. ఆ ముక్కే సాంపిల్. షెడ్డులో అందరూ పాటించే పద్ధతే అది. కాకపోతే మిగతా మాస్టర్లు దాన్ని గేటు దగ్గర వదిలి ఇంటికి వెళతారు. బక్కయ్య వెంట తెచ్చుకుంటాడు.

గంగవ్వ మెడలో పుస్తె కట్టే ముందు అదే పందిట్లో గుంజకు మూడు ముళ్లు వేసి, గట్టిగా లాగి చూశాడట. "గా గుంజ నాకు పెద్ద సవితి" అంటుంది గంగవ్వ ఇప్పటికీ.

మనవరాలు విజయశ్రీ ఇంకా కోడలి కడుపులో ఉండగానే ఉయ్యాల తెచ్చాడు. అందులో గుమ్మడికాయను పడుకోబెట్టి వారం రోజులు ఊపాడు. ఉయ్యాల పాసైంది. కానీ వారం పాటు జోలపాటలు విన్న గుమ్మడికాయను కోయడానికి గంగవ్వకు చేతులు రాలేదు. "ఎట్ల కోసుడయ్యా, మొఖం గుర్తువట్టినట్టు సూస్తున్నది" అని దాన్ని పక్కింటివాళ్లకు ఇచ్చేసింది.

కరోనా సూదులు వచ్చినప్పుడు పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో ఉండే రాజలింగాన్ని ముందు పంపాడు. వారం పాటు రోజూ పొద్దున వెళ్లి అతని తలుపు కొట్టేవాడు.

"రాజలింగం, ఉన్నవా?"

"ఉన్న."

ఆ మాట వినపడ్డాకే ఇంటికొచ్చి చాయ్ తాగేవాడు. ఆఖరి రోజు రాజలింగానికి విసుగొచ్చి జవాబివ్వలేదు. దాంతో బక్కయ్య సూది ఇంకో నెల వెనక్కిపోయింది.

అట్లాంటి ఇంట్లో కోడలు లతకు ఒక కోరిక పుట్టింది. లత పెళ్లయి సూరత్ వచ్చి పెట్టె విప్పీ విప్పకముందే నెల తప్పింది, నెలలు నిండకముందే లాక్‌డౌన్ వచ్చింది. లాక్‌డౌన్‌లో విజ్జి పుట్టింది, విజ్జి అడుగులేసేలోపు రెండో వేవ్ వచ్చింది. ఇంట్లో కూర్చొని చీరలకు లేసు కుట్టే లతకు సూరత్ అంటే మూడో అంతస్తులోని ఒక ఖోలీ, బట్టలారేసే డాబా, కూరగాయల బండి. అంతే. 2021లో వానలు వెనకబట్టి, రోడ్ల మీద జనం మళ్లీ కనిపించడం మొదలయ్యాక ఒకరోజు మొగుడు సంపత్‌తో మనసులో మాట చెప్పింది.

"శనారం ఐతారం రెండు దినాలు అహ్మదాబాద్ పోదాం. హోటల్ల ఉందాం. ఎవలో వండింది ఉడుకుడుకు తినాలె. పగటీలి జర కునుకు తియ్యాలె. గంతే, ఇంకేమద్దు నాకు."

"పోదాం" అన్నాడు సంపత్ ఫోన్లోంచి తల ఎత్తకుండానే. సంపత్ మంచివాడే. తండ్రి షెడ్డులోనే రెండు మగ్గాలు నడుపుతాడు, ఎవరితోనూ మాటపడడు. కానీ ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటే మాత్రం వాళ్లుండే చాల్ భవనం కూలిపోతున్నా ఆ వీడియో అయ్యాకే లేచే రకం.

సంగతి బక్కయ్య చెవిన పడింది. "పోండ్రి బిడ్డా, ఎవలద్దన్నరు?" అన్నాడు ఉదారంగా. లత సంతోషపడబోయింది. "జర సాంపిల్ కొట్టినంక పోండ్రి."

"ప్రయాణానికి సాంపిలేంది మామా?"

"యాడాదిన్నర పోరి. పుట్టినకాంచి బయటోళ్ల మాస్కులే సూసింది గని మూతులు సూడలే. మొన్న రాజలింగం మాస్కు దించితే, మొఖం ఊడి కిందవడ్డదని గుక్కవట్టి ఏడ్సింది. గసొంటిదాన్ని రైలెట్ల ఎక్కిస్తరు?"

"మూడో వేవ్ వస్తదంటున్నరు మామా. ఇప్పుడు పోకుంటే మళ్ల అన్ని బంద్ వెడ్తరు."

"వేవ్‌కు గూడ రానీకి జర టైం వడ్తది గద బిడ్డా."

మొదట రైలు సాంపిల్. బక్కయ్య ఖోలీలో మంచాన్ని గోడకు చేర్చి బెర్తు చేశాడు. లత, సంపత్, విజ్జి దాని మీద కూర్చున్నారు. బక్కయ్య కింద కూర్చొని మంచంకోడు పట్టి ఊపుతుంటే, ఆ ఊపుకు కింది అంతస్తువాళ్లు భూకంపమని గిన్నెలు వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తారు. రాజలింగం బయటి నుంచి "చాయ్ గరం" అంటూ వచ్చి, కాసేపటికి టీసీ అయి టికెట్లడిగి, మళ్లీ చాయ్‌వాలాగా మారిపోయాడు. విజ్జి చప్పట్లు కొట్టి నవ్వింది. లత దానికి పాలు పట్టింది, కక్కింది తుడిచింది, తడిసింది మార్చింది, సంచిలో సగం బయటికి తీసి మళ్లీ సర్దింది. సంపత్ వీడియో చూశాడు. మంచం ఆగాక బక్కయ్య చెమట తుడుచుకుంటూ అందరినీ ఒకసారి పరికించి చూశాడు.

"సాంపిల్ ఫెయిల్."

"పోరి ఒక్కసారి గూడ ఏడ్వలేదు గద బాపూ!" అన్నాడు సంపత్.

"ఫెయిలంటే ఫెయిలే. మళ్ల ఊపుదాం. ఈపాలి సంచి నువ్వు వట్టు, పోరిని నువ్వే ఒళ్లె కూసోవెట్టుకో. లత చేతులు ఖాళీ ఉండాలె."

"ఎందుకు?"

"టికెట్లు వట్టుకోవద్దా?"

"టికెట్లు ఫోన్ల ఉంటయి బాపూ."

"అయితే ఫోన్ లతకియ్యి."

ఈ తిరకాసు అర్థం కాక సంపత్ ఫోన్ ఇచ్చేశాడు. రెండోసారి ఊపినప్పుడు విజ్జి తండ్రి కొత్త చొక్కా మీద పాలు కక్కింది. ఏం చేయాలో తెలియక సంపత్ చేతులు రెండూ పైకెత్తి, పోలీసులకు దొరికిన దొంగలా కూర్చున్నాడు. మూడోసారి కక్కినప్పుడు తనే తుడిచాడు. అప్పుడు గానీ రైలు పాస్ కాలేదు.

తర్వాత హోటల్ సాంపిల్. విజ్జికి ఒక చిక్కుంది. చాల్ వెనకే మగ్గాల షెడ్డు. పుట్టినప్పటి నుంచి ఆ ఖటక్ ఖటక్ చప్పుడులోనే నిద్రపోయిన పిల్ల అది. మగ్గాలు నడుస్తుంటే దాని చెవి దగ్గర డప్పు కొట్టినా లేవదు. మగ్గాలు ఆగాయో, ఎవరో గిల్లినట్టు లేచి కూర్చుంటుంది. హోటల్లో మగ్గాలుంటాయా? ఉండవు. అందుకని షెడ్డుకు సెలవున్న రోజు మధ్యాహ్నం చూసి సాంపిల్ పెట్టాడు బక్కయ్య. గంగవ్వ జోకొట్టింది, లత పాడింది. విజ్జి కళ్లు ఇంతింత చేసుకొని ఇద్దరినీ చూసింది.

లత మళ్లీ ఎత్తుకోబోతే బక్కయ్య ఆపాడు. "నువ్వు జరుగు బిడ్డా. అరేయ్ సంపతూ, మగ్గం నడిపియ్యి."

"మగ్గమేడుంది బాపూ?"

"నోరుంది గద. రోజు రెండు మగ్గాలు నడిపేటోనివి, నోటితోని ఒక్కటి నడపలేవా?"

సంపత్ సిగ్గుపడుతూ పిల్లను భుజాన వేసుకొని "ఖటక్ ఖటక్" అన్నాడు. విజ్జి మెడ వాల్చింది. అతను ఆపాడు. విజ్జి మెడ ఎత్తింది. ఇక ఆ మధ్యాహ్నమంతా సంపత్ ఖోలీలో ఈ మూల నుంచి ఆ మూలకు మగ్గమై నడిచాడు. సాయంత్రానికి నోరు ఎండి, చాయ్ ఇస్తే అదీ ఖటక్‌మని మింగాడు.

"ఫెయిల్" అన్నాడు బక్కయ్య. "నడుమల రెండుసార్లు లతను పిలిచినవు. మళ్ల."

ఇట్లా ఒక శనివారం పోయింది, ఇంకో శనివారం పోయింది. సంపత్ టికెట్లు బుక్ చేసి మార్చడం, మార్చి బుక్ చేయడం అలవాటు చేసుకున్నాడు. లత మాత్రం టీవీలో ఏ దేశంలో కేసులు పెరిగినా ఉలిక్కిపడుతోంది. తన రెండు రోజులు చేతికందకుండానే జారిపోతాయేమోనని ఆమె భయం.

ఆఖరిది తిండి సాంపిల్. బస్సెక్కి లోచో దుకాణానికి వెళ్లారు. సూరత్ లోచో అంటే ఆవిరికి ఉడికిన మెత్తటి శనగపిండి, వేడి మీద, నూనె వేసి, సన్న కారప్పూస సేవ్ చల్లి ఇస్తే తినాలి, చల్లారితే ముద్ద. విజ్జి టేబుల్ మీదికెక్కి, చట్నీలో చెయ్యి పెట్టి, ఆ చెయ్యి కళ్లలో పెట్టుకొని ఏడ్చింది. లత కడిగింది, ఊదింది, ఊరుకోబెట్టింది. ఆలోగా సంపత్ తన ప్లేటు ఖాళీ చేసి "మస్తున్నది" అన్నాడు. లత లోచో చల్లారిపోయింది.

"ఫెయిల్" అన్నాడు బక్కయ్య. "రేపు మళ్లొద్దాం."

లతకు పట్టరాని కోపం వచ్చింది. మామ ముందు గొంతెత్తడం అదే మొదటిసారి.

"నేను రాను మామా! మీ సాంపిళ్లు అయ్యేసరికి విజ్జి పెండ్లీడుకొస్తది. టికెట్లు వాపస్ జెయ్యుండ్రి. అహ్మదాబాదద్దు, ఏమద్దు. ఇంట్ల కూసోని లేసు కుట్టుకుంట."

దుకాణమంతా తిరిగి చూసింది. బక్కయ్య కంగారుపడ్డాడు. "ఒక్కటే బిడ్డా. రేపటిదే ఆఖరు. ఫెయిలైనా సరే, మీరు పోండ్రి. నేను అడ్డం రాను."

మర్నాడు లత మొహం ముడుచుకొనే వచ్చింది. బక్కయ్య ఆమెను గోడవైపు మూలకు కూర్చోబెట్టాడు. పిల్లను, సంచిని, చట్నీని సంపత్‌కు అప్పగించాడు. విజ్జి నిన్నటిలాగే టేబులెక్కింది, చట్నీ మీద పడింది. లత లేవబోయేలోపే సంపత్ ఒక చేత్తో చట్నీ జరిపి, ఇంకో చేత్తో పిల్లను దించి, "ఖటక్ ఖటక్" అంటూ బయటికి నడిచాడు. పక్క టేబుల్ దగ్గరి గుజరాతీ పెద్దాయన ఈ కుర్రాడికేమైందని లేచి నిలబడి చూశాడు.

లతకు ఏం చేయాలో తోచలేదు. ఎదురుగా ప్లేటు పొగలు కక్కుతోంది, చేతులు ఖాళీగా ఉన్నాయి. అలవాటు కొద్దీ గబుక్కున ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక చుర్రుమంది. విజ్జి పుట్టినప్పటి నుంచి తిండితో నాలుక కాలడం ఇదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కారానికో వేడికో వచ్చాయని చూసేవాళ్లు అనుకోవాలని కొంగుతో తుడుచుకుంది.

బక్కయ్య అంతా చూశాడు. సంపత్ లోపలికి రాగానే టేబుల్ మీద చరిచి "పాస్!" అన్నాడు.

సంపత్‌కు ఒళ్లు మండింది. "నిన్న గూడ పోరి గిట్లనే జేసింది గద బాపూ! ఇయ్యాల ఏం మారింది?"

"పోరి రైలు సాంపిల్లనే పాసైందిరా."

"మరి ఫెయిలైందెవలు?"

బక్కయ్య కొడుకు మొహంలోకే చూశాడు. "సాంపిల్ల నూలును ఎవలు సూస్తర్రా? మగ్గం మీద నిలవడ్డోని చెయ్యి సూస్తరు. నిన్ను గట్లనే తోలిస్తే లత అహ్మదాబాద్ల ఏం జేస్తుండె? మన ఖోలీల జేసేదే హోటల్ల జేస్తుండె. కిరాయి గట్టి మరీ!"

"ముందుగాల చెప్పొచ్చు గద!"

"చెప్తే ఏమంటవు? 'చేస్తున్న గద' అంటవు. సాంపిల్ అన్న గాబట్టి కిమ్మనక జేసినవు."

లత ప్లేటులోంచి తల ఎత్తలేదు. "మామా, ఇంకో ప్లేటు చెప్పున్రి" అంది. కాలిన నాలుకతోనే.

శనివారం పొద్దున ఉధనా స్టేషన్‌లో రైలెక్కారు. బక్కయ్య ప్లాట్‌ఫాం దాకా కూడా వెళ్లలేదు. వెళితే బోగీ సాంపిల్ ఊపి చూస్తాడని గంగవ్వ ఆపేసింది. మధ్యాహ్నం ఉండబట్టలేక ఫోన్ చేశాడు. సంపత్ గుసగుసగా పలికాడు.

"ఏంది బాపూ?"

"లతేది?"

"పండుకున్నది."

"విజ్జి?"

"గది గూడ. నేను ఖటక్ ఖటక్ అనుడు ఆపితే ఇద్దరు లేస్తున్నరు. ఫోన్ వెట్టెయ్యి జల్ది."

బక్కయ్య ఫోన్ పక్కన పెట్టి, లోకంలో ఇంత గొప్ప మాస్టర్ లేడన్నట్టు మీసం దువ్వుకున్నాడు. గడప దగ్గర కూర్చొని చిక్కుడుకాయలు గిల్లుతున్న గంగవ్వ అంతా విన్నది.

"కొడుకును మంచిగ దిద్దినవు. మరి నిన్నెవలు దిద్దాలె?"

"నాకేమైంది?"

"నేను పగటీలి పండుకోక ఎన్నేండ్లయిందో ఎరుకేనా?"

బక్కయ్య మీసం మీది చెయ్యి దించాడు. షెడ్డు మొత్తాన్ని కంటిచూపుతో నడిపే మనిషికి ఎటు చూడాలో తెలియలేదు. చివరికి లేచి, గంగవ్వ ఒళ్లోంచి చిక్కుడుకాయల చాట తీసి పక్కన పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్లాడు. గిన్నె దొరికింది. నీళ్లు దొరికాయి. నాలుగు అగ్గిపుల్లలు గీకితే స్టవ్వు వెలిగింది. నీళ్లు మరిగాయి. ఆ తర్వాత ఒక డబ్బా మూత తీసిన చప్పుడు, ఇంకో డబ్బా మూత తీసిన చప్పుడు, మరోటి.

"గంగవ్వా, చక్కెర ఏడుంటది?"

గంగవ్వ చాప పరుచుకొని గోడవైపు తిరిగి పడుకుంది. నిద్ర పట్టలేదు. అయినా చక్కెర ఎక్కడుందో చెప్పలేదు.